పన్నెండు ఎల్మ్ మొక్కలూ, నేను చదవని అధ్యాయమూ

ఆ రోజుల్లో నాకు పేరు తెలియని చెట్టు లేదు. కళ్లతో చూసినవి మాత్రం వేపా, తుమ్మా. మిగతావన్నీ నరసరావుపేట గ్రంథాలయంలో, బొమ్మల పుస్తకాల్లో పెరిగినవే. అందులోనూ ఎల్మ్ జాతులంటే నాకు ప్రాణం. అమెరికా ఎల్మ్ పైకి పోయేకొద్దీ గొడుగులా విచ్చుకుంటుందనీ, చైనా ఎల్మ్ బెరడు మచ్చలు మచ్చలుగా ఊడి ముచ్చటగా ఉంటుందనీ, సైబీరియా ఎల్మ్ తొందరగా పెరిగినా గాలికి కొమ్మలు విరుగుతాయనీ గడగడా చెప్పేవాణ్ణి (వినేవాళ్లు దొరికితే).

చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లు ఓనరు గారు దొరికారు. గేటు నుంచి ఆఫీసు దాకా చెట్లు పెంచమని నన్ను తోట సూపర్‌వైజరుగా పెట్టుకున్నారు. "ఆ చలిదేశం చెట్లు మన ఎండకి బతుకుతాయంటయ్యా?" అన్నారు. "వాటి చుట్టం మన దగ్గరే ఉందండీ, నెమలినార. అదీ ఎల్మ్ కుటుంబమే" అన్నాను. ఆయన మురిసిపోయి, "అయితే ఆ నెమలినారలే పన్నెండు నాటు. ఏడాది తర్వాత బతికుంటే నీ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే మీ ఎడ్లపాడు బస్సెక్కు" అన్నారు.

నాటింది తోటమాలి పార మామ (భుజాన పార లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు). నడుమెత్తు మొక్కలు వానలకు మనిషెత్తయ్యాయి. మాఘంలో ఒక పొద్దున చూద్దును గదా, ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి! నా గుండె జారింది. ఎల్మ్‌లను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టిన తెగులు గురించి చదివి ఉన్నాను. మందు లేదు, సోకిన చెట్టును నరికి తగలబెట్టాల్సిందే.

"మామా, గొడ్డలి! తెగులొచ్చింది!"

"తెగులేందిరా అల్లుడూ? ఇది ఏటేటా ఆకు రాలుస్తది, ఎండలు ముదిరేలోపు మళ్లీ చిగురేస్తది. మా అబ్బ కాలం నుంచి చూస్తన్నా."

"నువ్వు పుస్తకం చదివావా?"

"చదవలేదురా. ఆ చెట్టు మాత్రం చదివిందా?"

గొడ్డలి ఇచ్చాడు గానీ చెయ్యి వెయ్యనన్నాడు. పదకొండు మొక్కలు నేనే మోకాలెత్తున నరికాను. పన్నెండోదానికి పార మామ వీపు ఆనించి కూర్చుని, "ఇదొక్కటీ నాకిడిసెయ్" అన్నాడు. చేతులు బొబ్బలెక్కాయి గనుక ఒప్పుకున్నాను. మిగతావి తగలబెడితే లేచిన నెమలినార కంపుకి మిల్లంతా ముక్కు మూసుకుంది. ఓనరు గారు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఏందయ్యా ఇది?" అన్నారు. నేను గొడ్డలి వెనక్కి దాచాను. పార మామే, "కత్తిరింపు అయ్యా. మా అల్లుడు చానా చదివాడు" అన్నాడు.

ఆ ఆదివారమే గ్రంథాలయానికి పరిగెత్తాను. చలికాలంలో ఎల్మ్‌లు ఆకు రాల్చడం గురించి ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. మనకు మంచు పడదు గదా అని నేను తిప్పేసిన అధ్యాయం. ఆ నెలంతా అన్నం సహించలేదు. పార మామ మాత్రం మోడులకు రోజూ నీళ్లు పోశాడు. ముందు ఆయన కాపాడిన మొక్కే చిగురేసింది. తర్వాత ఒక్కో మోడు నుంచీ నాలుగైదు కొమ్మలు లేచాయి. ఏడాది తిరిగేసరికి అవన్నీ గొడుగుల్లా విచ్చుకున్నాయి. "అచ్చం నువ్వు చెప్పిన అమెరికా బొమ్మలాగే ఉన్నాయే!" అంటూ ఓనరు గారు నన్ను పర్మనెంటు చేశారు.

ఇప్పుడు వాటి నీడలో లారీలు ఆగుతున్నాయి. ఇంత అందంగా ఎలా కత్తిరించారని ఎవరైనా అడిగితే, చదువుకున్నానండీ అంటాను (ఏ అధ్యాయమో చెప్పను). కానీ ఏటా మాఘంలో మొదటి పసుపు ఆకు రాలగానే నా గుండె కాస్త జారుతూనే ఉంటుంది. అప్పుడు వెళ్లి, నిటారుగా ఒక్క మానుతో పెరిగిన ఆ పన్నెండో చెట్టుకి, పార మామలాగే వీపు ఆనించి కాసేపు కూర్చుంటాను.