కొబ్బరి వాసనేసిన డ్రైయరు

మా మరిది అప్పలస్వామి చెయ్యి పడితే ఎంత మొండి మోటారైనా తిరగాల్సిందే. మామిడికుదురు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఆగిందంటే ముందు అతనికే ఫోను వెళ్తుంది. అలాంటివాడు సొంత పెళ్ళాం మిషను మాత్రం ఏడాదిగా ముట్టుకోలేదు. అడిగితే "వోల్టేజి చాలట్లేదండి వదినగారూ" అంటాడు. ఊరంతా ఏసీలు తిరుగుతుంటే ఇతనింటికే వోల్టేజి చాలదు! పక్క వాటాలో ఉన్న మాకు మాత్రం చాలుతుంది.

ఆ మిషను బట్టలారబెట్టే డ్రైయరు. మా తోడికోడలు లక్ష్మీదుర్గ మస్కట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఓడ మీద పంపించుకుంది. అప్పటికే అది ఆ ఇంటి మేడంగారి పెళ్ళినాటిది. బీరువా అంత బరువు, ముందు గుండ్రటి అద్దం తలుపు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆవిడ "నీ పిల్లలకి పనికొస్తుంది, పట్టుకెళ్ళు" అని ఇచ్చేసిందట. దుర్గకి పిల్లలు కలగలేదు. మిషను పాత చీర కప్పుకుని వసారాలో ఉండిపోయింది. పెద్ద వానల్లో దుప్పట్లకి తప్ప ఆ చీర తీసేది కాదు. దసరాకి పసుపు కుంకుమ మాత్రం తప్పేవి కాదు.

ఈ ఏడు శ్రావణంలో మా అమ్మాయి అమ్ములు పురిటికొచ్చింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పట్టుకోవడానికే భయం వేసేంత చిన్నది. ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదు, చెమ్మ గుడ్డ ఒంటికి తగలకూడదు, పొగ అసలు పనికిరాదు అని అమలాపురం డాక్టరుగారు చెప్పి పంపించారు. డైపరు వేస్తే దద్దుర్లు. బయట చూస్తే ముసురు పట్టి వదలదు. కుంపటి పెడదామంటే పొగ. ఇస్త్రీపెట్టెతో రుద్ది రుద్ది నా చెయ్యి పడిపోయింది గానీ మడతల్లో చెమ్మ పోలేదు. పిల్లకి జలుబు పట్టి ఎగశ్వాస మొదలయ్యేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

"మిషను తియ్యండి" అంది దుర్గ మొగుడితో.

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఏం మరిదిగారూ, మళ్ళీ వోల్టేజా?" అన్నాను.

"కాదండి వదినగారూ... పోయినేడు వానల్లో కొబ్బరి చిప్పలు బూజు పట్టేస్తున్నాయండి. దుర్గ పుట్టింటికెళ్ళింది గదా అని..."

"మిషన్లో వేసేరా?" అంది దుర్గ.

"ఆయ్."

కోతికి కొబ్బరిచిప్ప దొరకడం విన్నాం గానీ, కొబ్బరిచిప్పకి డ్రైయరు దొరకడం ఎక్కడైనా ఉందా? కోనసీమవాడికి తప్ప ఇంకెవరికీ రాదు ఆ బుద్ధి. నాకు నవ్వూ ఒళ్ళుమంటా రెండూ వచ్చాయి. దుర్గ మిషను దగ్గరికెళ్ళింది. చీర తీసి మడతపెట్టి, "విప్పండి" అంది.

వెనక రేకు విప్పితే లోపలంతా కొబ్బరి పొడి, కారిన నూనె, ఆ వాసనకి చేరిన ఎలుకలు కొరికేసిన బెల్టు. గాలి వెళ్ళే జల్లెడ పూడుకుపోయి, వేడెక్కి ఫ్యూజు పోయింది. దుర్గ సోడా కలిపిన వేడినీళ్ళతో డ్రమ్ము తోమింది. డ్రమ్ము చుట్టూ ఉన్న ఊలు పట్టీ నూనె పీల్చేస్తే, మస్కట్ నుంచి తెచ్చుకున్న రగ్గు కత్తిరించి ఇచ్చింది. బెల్టు కోసం అప్పలస్వామి వానలో గోదావరి దాటి మండపేట వెళ్ళి, రైసు మిల్లు సామాన్ల కొట్లన్నీ గాలించి సరిపడేది తెచ్చాడు. చెరువుల దగ్గర్నుంచి ఫోన్లొస్తే వేరే మెకానిక్కు నంబరిచ్చి, "మా ఇంట్లో చంటిపిల్ల పనుందండి" అని పెట్టేశాడు. ఆ మాట చాటునుంచి విని నాకు కళ్ళు చెమర్చాయి.

ఏ మూలైనా నూనె మిగిలితే కాయిలు వేడికి అంటుకుంటుందని అతని భయం. ఇసక బాల్చీ పక్కన పెట్టుకుని, ముందు తన తువ్వాలే తడిపి వేశాడు. డ్రమ్ము మూలిగి, మెల్లగా తిరిగింది. తువ్వాలు పొడిగానే వచ్చింది, కొబ్బరి లౌజు వాసనతో.

"అది భుజాన వేసుకుని బయటికెళ్తే చీమలు పట్టేస్తాయి మరిదిగారూ" అన్నాను.

నవ్వకుండా మళ్ళీ మొత్తం విప్పి తోమాడు. ఈసారి ఏ వాసనా లేదు.

అప్పుడు వేశాం పిల్ల గుడ్డలు. దుర్గ ఆ అద్దం తలుపు ముందే పీట వేసుకుని కూర్చుంది. మిషను ఆగాక ఒక్కొక్క గుడ్డా తీసి, చెమ్మ ఉందేమోనని చెంపకి ఆనించి చూసింది.

"మస్కట్‌లో కూడా ఇలాగే చూసేదాన్నక్కా. ఎవరి పిల్లలవో" అంది.

పిల్లని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. వెచ్చటి గుడ్డ చుట్టింది. కాసేపటికి దాని ఎగశ్వాస తగ్గి, నిద్రలోకి జారుకుంది. ఆ మొగుడూ పెళ్ళాల రుణం నేను ఏ జన్మకీ తీర్చుకోలేను. ఆ మాటే అన్నాను.

"దుర్గా, మీ మేడంకి ఫోను చెయ్యి" అన్నాను. "నీ పిల్లకి పనికొచ్చిందని చెప్పు."

దుర్గ నావైపు చూసింది. తర్వాత ఒళ్ళోకి చూసుకుంది.

"ఆయ్, చెప్తానక్కా" అంది.