ప్లేటు చివర ఉన్న పేరు

మా పెరటి గోడకు అవతల ఉండే పిన్నిగారు పోయారు. వానలు పట్టిన వారంలో జ్వరం వచ్చింది, తగ్గిందన్నారు, మళ్ళీ తిరగబెట్టింది. గురువారం పొద్దున్న పాలు పోసే ఆవిడ చెంబు కింద పెట్టకుండానే, "గోడవతలమ్మగారు తెల్లారగట్ల పోయేరండి" అంది. నేను పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. సగం పొయ్యి పాలయ్యాయి.

ఆవిడ పేరు నలుగురికీ తెలియాలనే ఈ స్మృతి రాయడం మొదలుపెట్టాను. ఈ పత్రికవారు మంచివారే, ఆడవాళ్ళు రాసినవి కూడా వేస్తారు. కానీ ఆవిడ ఎవరో కనుక్కుని, పేరు తీసేస్తే వేసుకుంటామని కబురు చేశారు. సంసారుల ఇళ్ళలో చదివే పత్రిక కదా అన్నారు. సరే, తీసేశాను. ఇక నేను పిలిచిన పిలుపే మిగిలింది. ఎక్కడెక్కడ పిన్నిగారు అని ఉందో అక్కడ ఒక మంచి పేరు ఉండేదని చదివేవారు అనుకోవాలి.

పిన్నిగారు పాట వృత్తిగా ఉన్న ఇంట్లో పుట్టారు. ఒకప్పుడు రాజమహేంద్రవరంలో పెద్దింటి పెళ్ళంటే ఆవిడ మేళం ఉండాల్సిందే. తర్వాత ఊరి పెద్దలంతా సభ పెట్టుకుని, ఇక మేళాలు పిలవబోమని సంతకాలు చేశారు. మా మామగారూ చేశారు. చేయడం తప్పని నేననను. ఆ మేళాల చాటున ఎందరు ఆడవాళ్ళు ఏడ్చారో నాకూ తెలుసు. కానీ సంతకం చేసిన చేతుల్లో ఒక్కటీ మర్నాడు ఆవిడ ఇంటి తలుపు తట్టి, ఇకమీదట మీకెలా గడుస్తుందమ్మా అని అడగలేదు. పిన్నిగారూ, ముసలి తల్లీ, ఒక తంబురా, ఒక మల్లెపందిరి. ఆ పందిరి పూలే ఆ ఇద్దరికీ అన్నం పెట్టాయి.

నేను గోదావరి లంకల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నూతి దగ్గర బట్టలు ఉతుకుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. గోడవతల నుంచి, "అక్కడ కాస్త ఆగమ్మా. ఎవరైనా తరుముతున్నారా ఏంటి?" అని వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు నేను నోరు మెదపకపోతే, "ఏమ్మా, కోపం వచ్చిందా? పాడు, నేను వినలేదనుకో" అన్నారు. అలా మొదలైంది మా స్నేహం. గోడకు అటు ఆవిడ, ఇటు నేను. ఏళ్ళ తరబడి ఆ గోడ మీదుగా పాటలూ, పచ్చళ్ళూ, మా పిల్లలకు దిష్టి తీయడాలూ అన్నీ నడిచాయి. ఆవిడ వీధి గుమ్మంలోంచి మా ఇంట్లోకి ఒక్కసారి కూడా రాలేదు.

ఆవిడ బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది. చీకటి పడ్డాక పెరుగు ముట్టేవారు కాదు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో మెడకు పాత చీర ముక్క చుట్టుకుని తిరిగేవారు. ఇంకెక్కడ పాడతారని ఈ జాగ్రత్తలు అని అడిగితే, "నిన్ను దిద్దాలి కదమ్మా" అనేవారు. ఆవిడ తరచూ అనే మాట ఒకటుంది. "పాట ఎత్తుకోడం ఎవరైనా ఎత్తుకుంటారమ్మా. దించడం తెలియాలి."

ఇక మా వీధి సావడిలో జరిగే భాగోతం గురించి చెప్పాలి. మామగారు గ్రామఫోను కొన్నాక ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్ళ స్నేహబృందం మా ఇంట్లో చేరేది. ప్లీడరుగారు, ఇంకా ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తులు. ఎవరికి ఆ వారం ఏ ప్లేటు మీద మోజు పుడితే దాన్ని తువ్వాల్లో చుట్టుకుని తేవాలి, తన మోజుకు కారణం చెప్పి వినిపించాలి. అదీ వాళ్ళు పెట్టుకున్న నియమం. "ఈ వారం దీన్ని వదల్లేకపోతున్నానండి, అన్నం కూడా సయించడం లేదు" అని ప్లీడరుగారు మొదలుపెట్టేవారు. సయించకపోవడమేమో గానీ, నేను పంపిన జంతికల పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చేది.

అలాంటి ఒక ఆదివారం ప్లీడరుగారు తెచ్చి మామగారికి కానుకగా ఇచ్చిన ప్లేటులో పాడింది పిన్నిగారే.

అంతకు ముందు ఏడు, ప్లేట్లకు పాడేవాళ్ళను వెతుక్కుంటూ ఒక ఏజెంటు ఈ ఊరు వచ్చాడు. తల్లిని వెంటబెట్టుకుని పిన్నిగారు రైలెక్కి మద్రాసు వెళ్ళారు. తిరిగొచ్చాక ఆ కథ చెబుతుంటే గోడకిద్దరం చెరోవైపు పడీపడీ నవ్వుకున్నాం. "పేద్ద బాకాలో తలకాయ పెట్టమన్నాడమ్మా. పై స్థాయికి వెళ్ళేసరికి నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగేవాడు, లేకపోతే పాట గీసుకునే మైనం పాడైపోద్దిట. పాటంతా నన్ను అలా ముందుకీ వెనక్కీ ఊపుతూనే ఉన్నాడు." పాట కాగానే బాకాలోకి తన పేరు తానే చెప్పాలట. దొరల దేశంలో ప్లేట్లు అచ్చుపోసేవాళ్ళకు ఏ పాట ఎవరిదో తెలియడానికి ఆ ఏర్పాటు. అది చెప్పేటప్పుడు మాత్రం పిన్నిగారు నవ్వలేదు. "పాటకి వణకలేదమ్మా, పేరు చెప్పడానికి వణికేను. నా పేరు పిలిచినవాళ్ళే గానీ, నేను నా నోటితో నలుగురికీ చెప్పింది ఎప్పుడు? ఆ ముక్క ఎలా వచ్చిందో ఒక్కసారి వినాలనుంది."

ఆవిడకున్న కోరిక అదొక్కటే. ప్లేటు వస్తోందని ఆ పొద్దున్నే చెప్పగానే, సాయంత్రానికి తలంటి పోసుకుని, పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, గోడవతల చాకిరేవు బండ మీద తల్లితో కూర్చున్నారు. సావడి కిటికీలు తెరిచే ఉన్నాయి. పాట వచ్చింది. మా వాళ్ళు ఆహా అన్నారు, ఓహో అన్నారు. పాట దిగింది. దిగగానే టక్కున ముల్లు ఎత్తేశారు.

"కీ అయిపోయిందా అమ్మా?" అని పిన్నిగారు గోడవతల నుంచి అడిగారు. అయివుంటుందన్నాను. పైవారమూ అంతే అయింది. "ప్లేటులో లోపం ఉందేమో, ఆఖర్న విరిగిందేమో కాస్త చూడమ్మా" అన్నారు.

చూశాను. ప్లేటుకు ఏ లోపమూ లేదు. మధ్యన పేరున్న చోట మాత్రం మామగారు చిన్న కాగితం ముక్క అంటించి, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'స్త్రీ కంఠం' అని రాశారు. ధైర్యం చేసి అడిగాను.

"మామగారూ, చివర పేరు కూడా ఉందిటండి. అది విననివ్వరేం?"

"పాట మంచిదమ్మా, విన్నాం. ఆ పేరు ఇంట్లో మోగడం ఎందుకు? ఆడపిల్లలు తిరిగే ఇల్లు" అన్నారు. చాలా మెత్తగా అన్నారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. ఆ సాయంత్రం నుంచి గ్రామఫోను హ్యాండిల్ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం మొదలుపెట్టారు.

ఈ సంగతి గోడవతలికి నేనే చెప్పాల్సి వచ్చింది. పిన్నిగారు పూలు కోస్తున్నారు. కోయడం ఆపలేదు.

"పాట నచ్చిందిటా?"

"నచ్చిందండి. మళ్ళీ మళ్ళీ వేయించుకుంటున్నారు."

"ఇంకేం మరి" అన్నారు.

ఆ తర్వాత కూడా ఆదివారం ఆదివారం బండ మీద కూర్చునేవారు. కానీ పాట ముగింపుకు వస్తుండగా లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఎందుకండీ అంటే, "వాళ్ళు ఆపేలోగా నేనే లేచిపోతే సరిపోద్ది కదమ్మా" అన్నారు. ఆ మాటకు నాకు కడుపు మండిపోయింది. ఈ పొద్దుటికీ మండుతూనే ఉంది.

మా వాళ్ళకు ఆ పాట మీద ఎంత మోజంటే, వేరేవాళ్ళు వేరే ప్లేట్లు తెచ్చినా చివరికి దాన్ని వేయించుకోకుండా లేచేవారు కాదు. ముల్లు మాత్రం మార్చేవారు కాదు. ఒక పాటకు ఒక ముల్లు వాడి పారేయాలని డబ్బా మీద రాసే ఉంది. మా మామగారిది పొదుపు చెయ్యి. మొద్దుబారిన ముల్లుతోనే ఆ గొంతును గీకి గీకి వినేవారు. ప్రేమతోనే గీకారు, కాదనను.

పిన్నిగారు పోయిన తర్వాత వచ్చిన ఆదివారం కూడా సభ జరిగింది. మామగారు కండువా సవరించుకుని, "ఈ ఊరు ఒక మంచి కంఠాన్ని పోగొట్టుకుంది" అన్నారు. అందరూ కాసేపు తలలు వంచుకున్నారు. ప్లీడరుగారు నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ జ్ఞాపకార్థం ఆ ప్లేటు వేశారు. నేను తలుపు వెనక నిలబడి, ఇవాళైనా, చచ్చిపోయిన మనిషికైనా, అనుకున్నాను.

పాట దిగగానే ముల్లు ఎత్తేశారు.

"బాగా గీకుతోందండి. ఇక దీని పని అయిపోయింది. నా దగ్గర కొత్త ప్లేట్లు వచ్చేయి, కొత్త యంత్రమూ వచ్చింది. ఇకమీదట మా ఇంట్లో కలుద్దాం" అన్నారు ప్లీడరుగారు, ఇంకా తడి ఆరని కళ్ళతో. సభ అక్కడికి మారింది. మా సావడిలోని పాత యంత్రాన్ని ఇప్పుడెవరూ పట్టించుకోవడం లేదు. హ్యాండిల్ దానికే వేలాడుతోంది. ఆ ప్లేటును మామగారు పాత కాగితాల్లో పడేశారు. నేను తీసుకున్నాను. ఆయన ఈ పత్రిక చదువుతారు. చదవనీండి.

మొన్న ఆదివారం మామగారు ప్లీడరుగారింటికి వెళ్ళాక, పెరటివైపు కిటికీ బార్లా తెరిచి, కొత్త ముల్లు పెట్టి కీ ఇచ్చాను. పాట ఎక్కడా మిగల్లేదు. మూకుట్లో నూనె కాగుతున్నట్టు ఒకటే చిటపట. దాని అడుగున ఎక్కడో ఆవిడ గొంతు ఉందని తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, అంతే. ఏళ్ళ తరబడి చెప్పిన 'ఆహా'లన్నీ కలిసి దాన్ని అరగదీసేశాయి. నేను ముల్లు ఎత్తలేదు. పాట దిగింది. ఆ తర్వాత, ముల్లు ఒక్కసారి కూడా తగలని ఆ చివరి జాగాలో, పక్కనే నిలబడి చెప్పినంత స్పష్టంగా, చిన్న వణుకుతో ఆవిడ పేరు వినిపించింది.

గోడవతల నూతి గిలక చప్పుడు ఆగిపోయింది. నీళ్ళు తోడుతున్నది ఆవిడ తల్లి. ఆ ముసలి గొంతు, "అమ్మాయ్, అది దాని పేరు కదూ?" అంది.

"అవునండి."

"అది వినకుండానే పోయింది." చేద గట్టు మీద పెట్టిన చప్పుడైంది. "పాటొద్దులే అమ్మా. ఆ ముక్క ఇంకోసారి వెయ్యి" అంది.

మళ్ళీ కీ ఇచ్చి, ముల్లును ప్లేటు చివర దించాను.