ఉగ్గుగిన్నె పక్కన పెట్టిన రమణమ్మ

2022 వేసవి. కృష్ణపట్నం చుట్టుపక్కల తీరగ్రామాల వాళ్లు వచ్చే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను హెచ్‌ఐవీ కౌన్సెలర్‌ని. ఇందులో పేర్లు మార్చాను.

తొలిచూలు కామాక్షికి రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చింది. పడవ మీద వేటకు వెళ్లే ఆమె భర్తకూ అంతే. ఇద్దరికీ వెంటనే ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణిచిపెట్టే మాత్రలు, మొదలుపెట్టించాను. కామాక్షి ఒక్క పూట కూడా మానలేదు. కాన్పు నాటికి ఆమె రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయింది.

"మా అత్తకి మాత్రం చెప్పబాకక్కా" అని మాట తీసుకుంది. ఆమె వద్దన్నాక చెప్పే హక్కు నాకెలాగూ లేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లి నుంచి వైరస్ సోకకుండా బిడ్డకు ఆరు వారాలు రోజూ నెవిరపిన్ సిరప్ పట్టాలి. ఆర్నెల్లు తల్లిపాలు తప్ప మరేదీ పెట్టకూడదు. వేరేవి కలిస్తే లేత పేగులు దెబ్బతిని, వైరస్ సోకే ముప్పు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే అత్త రమణమ్మ ఉగ్గుగిన్నె, వసకొమ్ము, ఆముదం సీసాతో వార్డులోకి దిగింది. నేను ఉగ్గు పోయొద్దన్నాను.

"మా వాడలో పిల్లకాయలందరికీ ఉగ్గు పోసింది ఈ చెయ్యే. నా మనవరాలికి వద్దంటే ఎట్టమ్మా?"

కామాక్షి ముఖం పాలిపోయింది. గట్టిగా వద్దంటే అత్త ఎందుకని అడుగుతుంది. రమణమ్మ అడగడం మొదలుపెడితే ఆపడం మా సూపరింటెండెంటు తరం కూడా కాదు. అప్పుడు ఆమె చేతిలోని గిన్నె చూసి ఒక ఆలోచన తట్టింది. సిరప్ సీసా పట్టుకుని కామాక్షిని కళ్లతోనే అడిగాను. తలూపింది.

"పెద్దమ్మా, బిడ్డకి జబ్బు రాకుండా డాక్టరు గారు రాసిన మందు ఇది. రోజూ పట్టాలి, చుక్క తేడా రాకూడదు. మీ చేతికైతే అలవాటు. ఇదీ, తల్లిపాలూ తప్ప ఆర్నెల్లు ఇంకేం పడకూడదు."

రమణమ్మ సీసాతో వచ్చిన డ్రాపర్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంతోనా? సరే, ఎంత పొయ్యాల్నో చూపించు."

అంతే. గిన్నె సంచిలోకి పోయింది. తర్వాత ఆమె ఒక్క రోజు కూడా తప్పలేదని కామాక్షి నవ్వుతూ చెప్పేది.

బిడ్డకు ఏడాదిన్నర నిండాక చేసిన చివరి పరీక్ష నెగటివ్ వచ్చింది. నా గదిలో కామాక్షి నా చేతులు పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. బయట వరండాలో రమణమ్మ, తేనెసీసాతో వచ్చిన ఇంకో అమ్మమ్మను మందలిస్తోంది.

"తేనె లోపల పెట్టుమే. ఆర్నెల్లు తల్లిపాలు తప్ప ఏం పొయ్యబాక. నా మనవరాలు ఎట్టుండాదో చూడు."

ఆ మనవరాలు పక్కనే కూర్చుని ఉగ్గుగిన్నెను నేలకేసి కొడుతోంది. పెద్దవాళ్ల చేతిలోని గిన్నెను వద్దంటే సరిపోదు, ఆ చేతికి వెంటనే ఇంకో పని అప్పజెప్పాలి. నాకు ఆ సంగతి నేర్పింది రమణమ్మే.