కొబ్బరికాయల మీద వరహాలు చిరునామా

కవిటి తోటల్లో వరహాలు చెట్టెక్కాడంటే కాయలకంటే ముందు కబుర్లు రాలతాయి. నడుముకు కత్తి, ఛాతీకి తాడుతో బిగించిన ఫోను, తోటంతా వినబడే నోరు. "ఓలమ్మా, సూడండి! ఈ మట్టలో ఉడత కాపరం ఎట్టింది. అద్దేటి ఇత్తాదో అడుగుతానుండండి!" అతని వీడియో ఛానెల్‌లో ఈ మాటల కోసం నలభైవేలమంది ఎదురుచూసేవారు. టెక్కలి బస్సులో కండక్టరు గుర్తుపట్టి సీటు చూపించేవాడు.

ఒక పొద్దున చూస్తే ఛానెల్ లేదు. కత్తి చూపించాడట, ప్రమాదకరమైన పనట. ఏదో యంత్రం తేల్చేసింది. కత్తి లేకుండా కాయ ఎలా కొయ్యాలో మాత్రం చెప్పలేదు. అప్పీలు పెడితే "మీరు మాకెంతో విలువైనవారు" అని జవాబొచ్చింది, తలుపు తెరుచుకోలేదు. వీడియోలు మెమరీ కార్డుల్లో భద్రంగానే ఉన్నాయి. చూసేవాళ్లే అవతల చిక్కుకుపోయారు. వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరూ అతని దగ్గర లేదు.

మేనకోడలు తనూజ ఇంజనీరింగు చదువుతోంది. "ఎవుల దయా ఒద్దు మావా, మన సైటు మనమే ఎట్టుకుందాం" అని ఇంట్లో పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వీడియోలన్నీ పెట్టేసింది. స్వేచ్ఛ వచ్చింది. వారంలో పదకొండుసార్లు చూశారు. అందులో తొమ్మిది తనూజవే. స్వేచ్ఛ మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ అంకె చెప్పరు.

"ఇలాగైతే నన్ను మర్సిపోతారే" అన్నాడు వరహాలు. మర్నాడు రమణమూర్తిగారి తోటలో కాయలు దించి, ఎర్ర రంగు డబ్బా తెరిచి, పీచు మీద సైటు చిరునామా రాయడం మొదలెట్టాడు. కాయలు పీచుతోనే లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతాయి కదా! ఉత్సాహంలో ఒకటి మరిచాడు. ఒకే లారీలో పదిమంది కాయలు కలుస్తాయి గనక, ఎవరి గుర్తుంటే కాయ వాళ్లదని అక్కడి పద్ధతి.

రమణమూర్తి వచ్చి చూసి చేతిలోని గొడుగు కింద పడేశాడు.

"ఏటిరా వరాలూ! నా కాయల మీద నీ గుర్తేటి? తోట రాయించీసుకుంటన్నావా?"

"అయ్యో, కాయలు మీవే బాబూ! అడ్రసొకటే నాది."

"మరి నా గుర్తేదిరా?"

"కింద ఎడతాను బాబూ."

"కిందేటి, పైన ఎట్టు! వీడియోలో నా తోట పేరు సెప్తావా?"

"చెట్టుకో పాలి సెప్తాను!"

రమణమూర్తి గొడుగు తీసుకుని, తనకూ ఒక బ్రష్ తెప్పించుకున్నాడు.

ఆరో రోజున, తనూజ సైటులో పెట్టిన వరహాలు నంబరుకి ఫోనొచ్చింది. రాయపూర్‌లో కాపురముంటున్న పలాస అమ్మాయి దీప్తి. "వరాలు మావా! కొబ్బరికాయ కొంటే నువ్వు దొరికినావు! మావోళ్లందరికీ పంపించీసినాను!"

సాయంత్రానికి ఆరువందలమంది. కంప్యూటర్ రొప్పి రొప్పి ఆగిపోయింది.

"మళ్లీ ఎవులు మూసీసినారే?" అని పరుగెత్తుకొచ్చాడు వరహాలు.

"ఎవులూ కాదు మావా, జనం ఎక్కువైపోనారు! పెట్టె కాలిపోతంది!"

వరహాలు ఆనందంతో గట్టిగా ఒక కేక వేసి, కొబ్బరి మట్ట అందుకుని కంప్యూటర్ చల్లబడేలా గాలి విసరడం మొదలెట్టాడు.