బొగ్గు బస్సుకు మంట తెలిసినవాడు

యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువైంది. మా యజమాని అనకాపల్లి నుంచి మాడుగుల వెళ్లే బస్సుకు వెనకవైపు బొగ్గు కాల్చి ఆ గ్యాసుతో ఇంజిను నడిపే డ్రమ్ము బిగించి, "నడిపించే పూచీ నీది" అని నాకు అప్పగించేశారు. నేను ఆ కంపెనీలో మేనేజర్ని. వయసు పాతికే. యంత్రం కొత్తది, మనుషులు పాతవాళ్లు. పొద్దున్నే స్టాండుకు వెళ్తే, బస్సు కదిలేదాకా కాలు ఒకచోట నిలిచేది కాదు.

మా డ్రైవరు పట్నంలోని ముస్లిం కుటుంబంవాడు. అంత నేర్పుగా బస్సు నడిపేవాణ్ణి నేను చూడలేదు. కానీ డ్రమ్ము దగ్గరికి మాత్రం రానన్నాడు.

"స్టీరింగు ఎంతసేపైనా పడతాను బాబూ. పొయ్యి రాజెయ్యడం నా పని కాదు."

ఎవరో ఒకరు వేసిన మంట సరిగా అందుకోక బస్సు రోజూ దారిలో ఆగేది. జనం దిగి తోసేవారు. యజమాని ఆ డ్రైవర్ని మాన్పించేయమన్నారు. నాకు మనసొప్పలేదు. చేయి తిరిగిన మనిషి, పోతే మళ్లీ దొరుకుతాడా? ఏమీ తోచక సైకిలెక్కి ఊళ్లమ్మట తిరిగాను. ఒక చెరుకు గానుగ దగ్గర, బెల్లం పెనం కింద మంట వేస్తున్న పెద్దాయన కనిపించాడు. పాకం చప్పుడు వింటూనే మంట తగ్గిస్తున్నాడు, పెంచుతున్నాడు. బతిమాలి మర్నాడే ఆయన్ని బస్సెక్కించాను. నేనూ ఎక్కాను.

డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు. చోడవరం దాటాక ఒక ఎత్తులో బస్సు ఆగిపోయింది. పెద్దాయన దిగి డ్రమ్ము మీదికి చెవి వంచాడు.

"బూడిద పేరుకుపోనాది. గాలాడట్లేదు," అంటూ చువ్వతో అడుగు కెలికి, సంచిలోంచి పొడి బొగ్గు ఏరి వేశాడు. కాసేపటికి ఇంజిను అందుకుంది.

ఎక్కబోయిన డ్రైవరు వెనక్కి వచ్చాడు. "మామా, గాలాడట్లేదని నీకెలా తెలిసింది?"

"మంట మూలుగుతాది బాబూ. రేపు బస్సు ఎలబారకముందు రా, ఇనిపిత్తాను."

మర్నాటి నుంచి డ్రైవరు అరగంట ముందే వచ్చి డ్రమ్ము పక్కన కూర్చునేవాడు. కొన్నాళ్లకు పెద్దాయన రాని రోజున కూడా బస్సు ఆగకుండా తీసుకెళ్లాడు.

యుద్ధం ముగిసింది. పెట్రోలు వచ్చింది, డ్రమ్ము ఊడదీశారు. "ఇక ఆ ముసలాయనతో పనేముంది?" అన్నారు యజమాని. తీసుకొచ్చింది నేను. ఈ రోజు వస్తుందని ఒక్కసారైనా అనుకోలేదు. డ్రైవరే ముందుకొచ్చాడు.

"షెడ్డులో పంక్చరైన ట్యూబులకి రబ్బరు అతుకులు కాల్చి అంటించేవాడు లేడు బాబూ. వేడి తెలిసిన చెయ్యి కావాలి. మామకి నేను నేర్పుతాను."

మొదటి రెండు ట్యూబులు మాడిపోయాయి. యజమాని చూడకుండా నేను షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. మూడోది నిలిచింది.

కొన్ని నెలలకు పెద్దాయన్ని అడిగాను, పని ఎలా ఉందని.

"పని బాగానే ఉంది బాబూ. బస్సు ఎలిపోతంటేనే మనసు నిలవదు."

మర్నాడు దారిలో టైర్లు చూసే పని పెట్టి, ఆయన్ని మాడుగుల ట్రిప్పుకు పంపాను. అలాంటి పని కంపెనీలో లేదు. యజమాని అడిగితే ఏం చెప్పాలో తేల్చుకోలేక, బస్సు తిరిగి వచ్చేదాకా గేటు దగ్గర పచార్లు చేస్తూనే ఉన్నాను.