తుపాను వానల్లో మదనపల్లె నుంచి కుప్పానికి: మా డబ్బా బండి, వంక దగ్గర ఆగిన పెళ్లి

మా ఆయన ప్రకాశం నలభై ఏళ్లు డీజిల్ బండ్లు బాగు చేశారు. షెడ్డు మూసేశాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, పాత ఇనుప చట్రం ఒకటి తెచ్చి దాని మీద అల్యూమినియం రేకులతో చిన్న గది కట్టడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలకు అది క్యాంపర్ ట్రైలర్ అయింది. లోపల ఇద్దరు పడుకునే పరుపు, వెనక తలుపు ఎత్తితే రెండు పొయ్యిల వంటిల్లు, అరవై లీటర్ల నీళ్ల తొట్టి, పక్కన గుడారంలా చాచుకునే టార్పాలిన్ పట్ట. దాన్ని మా పాత జీపు వెనక తగిలించుకుని తిరుగుతాం. నేను మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లూ రాత్రి డ్యూటీల మధ్య సెలవులు ఏరుకున్నదాన్ని కాబట్టి తిరగాలన్న ఆశ ఆయన కంటే నాకే ఎక్కువ. మొదటిసారి మే నెలలో వెళ్లాం. రేకు పెనంలా కాలి, రెండో రోజే ఇంటికి వచ్చేశాం. ఈసారి వానల్లో వెళ్దామని నేనే అన్నాను. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని టీవీలో చెబుతుంటే బయలుదేరుతున్న మమ్మల్ని చూసి వీధిలో అందరూ నవ్వారు.

పొద్దున ఆరున్నరకు మదనపల్లె దాటాం. వెనక ట్రైలర్ ఉంటే గంటకు నలభై కిలోమీటర్లు మించి పోకూడదన్నది ఆయన నియమం. అందువల్ల ముప్పై చిల్లర కిలోమీటర్ల దూరంలో ఉన్న పుంగనూరుకు దాదాపు గంట పట్టింది. సన్నగా చినుకులు పడుతున్నాయి. దారి పొడుగునా టమాటా తోటల్లో కట్టెలు పాతి కట్టిన తీగలు తడిసి నల్లగా నిగనిగలాడుతున్నాయి. పుంగనూరు బస్టాండు దాటాక ఒక చిన్న హోటల్ ముందు ఆపాం. పెనం దగ్గరున్న ఆమె అట్లకాడ చేతిలో పట్టుకునే బయటికి వచ్చి ట్రైలర్ చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేందక్కా, ఐస్‌క్రీం బండా?"

"కాదమ్మా, ఇల్లు. ఇందులోనే వండుకుంటాం, పండుకుంటాం."

"ఇంట్లో వండుకునేది సాలక బండ్లో గూడా వండల్లనా? ఈ పొద్దన్నా నా సేతి దోసె తిను కూర్చో."

కారం పూసిన దోసె, పక్కన వేరుశనగ చట్నీ. ఇద్దరం కడుపునిండా తిన్నా నూట ఇరవై రూపాయలు కాలేదు. డబ్బులు ఇవ్వబోతే ముందు బండి లోపల చూపించమంది. పరుపు మీద చేత్తో నొక్కి చూసి, "మా ఆయప్పకు సెప్తా, మాగ్గూడా ఒకటి కట్టమని," అంది.

గంగవరం మీదుగా పలమనేరు చేరి, డీజిల్ నింపుకుని, కుప్పం వైపు తిరిగాం. పదకొండున్నరకు బైరెడ్డిపల్లె పరిసరాల్లో ఒక రైతును అడిగి అతని కళ్లంలో బండి నిలిపాం. రాగులు నూర్చే చోటు కాబట్టి నేల గట్టిగా, కాస్త మిట్టగా ఉంది. చుట్టుపక్కల పెద్ద చెట్లు లేవు. అతని భార్య మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఈ వానలో ఈడ పండుకుంటారా? యాల, ఇంట్లో జాగా లేదా?" అని అడిగింది. జాలిపడి రెండు ముద్దల సంగటి, చింతాకు పప్పు తెచ్చిపెట్టింది.

ట్రైలర్ అక్కడే వదిలి, జీపులో కైగల్ జలపాతానికి వెళ్లాం. క్యాంపర్ ప్రయాణంలో నాకు నచ్చేది ఇదే. ఇల్లు ఒకచోట ఉంటుంది, మనం చుట్టుపక్కల తిరిగి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాం. నీళ్లు కనబడకముందే హోరు వినబడింది. వేసవిలో పిల్లలు ఈతలు కొట్టే మడుగు ఇప్పుడు ఎర్రగా మరుగుతోంది. తుంపర ముఖాన కొడుతుంటే నేను చిన్నపిల్లలా కేకలు పెట్టాను. ఆయన మాత్రం నా కొంగు వదల్లేదు. రాళ్లు పాచిపట్టి ఉంటాయి, ఈ కాలంలో దూరం నుంచే చూడండి. ఉడికించిన వేరుశనక్కాయలు పొట్లం కట్టించుకుని నాలుగింటికల్లా తిరిగి వచ్చాం. చీకటి పడ్డాక అసలు వాన మొదలైంది. రేకు మీద ఆ చప్పుడుకు మాటలు వినబడక, సైగలతో మాట్లాడుకుని నవ్వుకుని నిద్రపోయాం.

రెండో రోజు ఏడు గంటలకు కుప్పం బయలుదేరాం. పెద్ద రోడ్డు మీద చింతచెట్టు పడిందని రైతు చెప్పడంతో పల్లెల మధ్య దారి పట్టాం. ఎనిమిదింటికి ఒక వంక దగ్గర ఆగిపోయాం. అక్కడ వంతెన లేదు. రోడ్డునే కిందికి దించి, నీళ్లు మీదుగా పారేలా చప్టా కట్టారు. చప్టా మీద నీళ్లు ఎర్రగా, వడిగా పోతున్నాయి. రెండు పక్కలా వరుసగా పాతిన హద్దురాళ్ల తలలు మాత్రం కనబడుతున్నాయి. ప్రకాశం దిగి చూసి, "నీళ్లు దిగేదాకా ఈడే," అని ఇంజను ఆపేశారు.

నేను టీకి నీళ్లు పెడుతుండగా వెనక ఒక వ్యాను వచ్చి ఆగింది. ముందు అద్దానికి బంతిపూల దండ. పదిహేడు మంది దిగారు. పెళ్లికూతురు హేమావతి, ఆమె నాయన చెంగప్ప, ముసలి అవ్వ, చుట్టాలు. గంగవరం పక్క పల్లెవాళ్లు. ముందు రోజు సాయంత్రమే కుప్పం చేరాల్సినవాళ్లు వానకు బయలుదేరలేకపోయారట. పదిన్నరకు ముహూర్తం. కల్యాణ మండపం ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు.

చెంగప్ప నీళ్ల వైపు, చేతి గడియారం వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత డ్రైవర్ బాషాతో అన్నాడు: "పోనీప్పా. మోకాలు లోతు గూడా లేదు."

"వడి ఎక్కువుండాదన్నా. బండి నిలబడదు."

"నిలబడతాది. అందరూ ఎక్కండి! నా బిడ్డ పెండ్లి ఈ వంక కాడ ఆగిపోతాదా?"

బాషా మళ్లీ వద్దన్నాడు. చెంగప్ప గట్టిగా అరిచేసరికి తల వంచుకుని వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆడవాళ్లు ఎక్కుతున్నారు. అప్పుడు ప్రకాశం జీపు ఎక్కి, ముందుకు కదిలించి, ఒక్క విరుపు విరిచి ట్రైలర్‌ను రోడ్డుకు అడ్డంగా నిలిపారు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు.

చెంగప్ప పరుగెత్తుకొచ్చాడు. "ఏం సామీ, తియ్యి బండి! నువ్వెవురు మమ్మల్ని ఆపేదానికి?"

"ఎవురినీ గాను. బండ్లు బాగుచేసేవాణ్ణి. నీళ్లల్లో కొట్టుకుపోయిన బండ్లు నా షెడ్డుకు వచ్చినాయప్పా. వాటిని తెచ్చినోళ్లే ఉండారు, అందులో పోయినోళ్లు రాలేదు."

"నోటికొచ్చింది మాట్లాడొద్దు! శుభమా అని పోతాంటే!"

మగవాళ్లు నలుగురు ఆయన్ని చుట్టుముట్టారు. ఒకతను చొక్కా పట్టుకున్నాడు. మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను. "అప్పా, నేను నర్సుని. ఒక్క అరగంట ఆగండి. నీళ్లు తగ్గితే మేమే ముందు దిగుతాం," అని బతిమాలాను. నా మాట ఎవరూ వినిపించుకోలేదు.

అంతలో పైనుంచి ఒక నీలగిరి చెట్టు మొద్దు కొట్టుకొచ్చింది. మనిషి నడుమంత లావు. గిర్రున తిరుగుతూ వచ్చి హద్దురాయిని గుద్దింది. ఆ రాయి వేళ్లతో సహా పీకిన మొక్కలా లేచిపోయింది. మొద్దు, రాయి రెండూ చప్టా దిగువన కనబడకుండా పోయాయి. చొక్కా పట్టుకున్న చెయ్యి దానంతట అదే వదిలేసింది.

హేమావతి వ్యాను దిగింది. పట్టుచీర వానలో నానిపోతున్నా తుడుచుకోలేదు. నాయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది: "నాయినా, నేను ఈ నీళ్లల్లో దిగను. నువ్వు దిగమన్నా దిగను."

చెంగప్ప కూతురి ముఖం చూశాడు. రోడ్డు మీదే కూర్చుని తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత అక్కడ జరిగినంత సందడి నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు. ప్రకాశం నాలుగు మూలలా జాకీలు దించి, పట్ట చాచి కట్టారు. కుక్కర్‌లో మూడు విడతలు ఉప్మా చేశాను. చుట్టాలు వాళ్ల బొరుగుల సంచి విప్పారు. ఇద్దరి కోసం కట్టిన గదిలో ఆరుగురు ఆడవాళ్లం దూరి, పెళ్లికూతురికి మారుచీర కట్టాం. ఊపిరాడక నవ్వు, నవ్వుతో బండంతా ఊగుడు. నేను చర్చిలో పెళ్లికూతుళ్లకు ముసుగు పెట్టానే గానీ పట్టుచీరకు ఇన్ని పిన్నులు పెట్టడం అదే మొదలు. కనకాంబరాలు సగం నలిగిపోయాయి. "ఉండేటివి ముందరికి పెట్టు, ఎనకాల ఎవురు సూస్తారు," అని అవ్వ నాకు పని చెప్పింది.

ఇంకా జడ వేస్తుండగానే బయట కేక వినబడింది. "పెండ్లికొడుకు! పెండ్లికొడుకొచ్చినాడు!"

అవతలి గట్టు మీద మోటారు సైకిల్ దిగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు దిలీపు. విషయం తెలిసి అమ్మాయిని చూడాలని వచ్చేశాడట. హేమావతి సగం జడతోనే దిగి ఇవతలి గట్టు మీద నిలబడింది. మధ్యలో యాభై అడుగుల ఎర్రనీళ్లు. ఆ హోరులో కేకలు వినబడవు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకున్నారు.

"తిన్న్యావా?" అంది ఆమె.

అతను ఏమన్నాడో మాకు వినబడలేదు. ఆమె సిగ్గుపడి ముఖం తిప్పుకుంది. అవ్వ పడీపడీ నవ్వింది. కాసేపటికి ఫోను చెంగప్ప చేతికి వచ్చింది. పన్నెండింటి దాపున అభిజిత్ లగ్నం ఉందని, దానికేం లోటు లేదని పెళ్లి చేయించే అయ్యవారు చెప్పారట. చెంగప్ప ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అవతలి గట్టుకు చెయ్యెత్తి దండం పెట్టాడు.

వాన పదింటికి తెరిపి ఇచ్చింది. పదకొండు కొట్టేసరికి నీళ్లు చీలమండల లోతుకు దిగాయి. ప్రకాశం, బాషా కట్టెలు పట్టుకుని, అడుగడుగూ పొడిచి చూస్తూ, రోడ్డు కోసుకుపోలేదని నిశ్చయించుకుని అవతలి దాకా నడిచి వచ్చారు. ముందు జీపు, వెనక వ్యాను. పెళ్లికూతురు జీపు ముందు సీట్లో, అవ్వ, నేను వెనక. అవతల దిలీపు మోటారు సైకిల్ మా ముందు దారి చూపిస్తూ పోయింది. పదకొండూ నలభైకి మండపం ముందు ఆగాం. మా డబ్బా బండిని చూసి బ్యాండువాళ్లు వాయించడం ఆపి, ఒక్క క్షణం తర్వాత రెట్టింపు హుషారుగా అందుకున్నారు.

తాళి కట్టాక భోజనాల్లో మాకు మొదటి పంక్తిలో విస్తర్లు వేశారు. ఓలిగల, అదే బొబ్బట్ల, గిన్నె వడ్డించేవాళ్ల దగ్గర లాక్కుని చెంగప్ప స్వయంగా వచ్చాడు. ప్రకాశం ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు ఓలిగలు వేసి, నెయ్యి పోశాడు. మూడోది కూడా వేశాడు.

"సాలప్పా, ఇంక తినలేను," అన్నారు ఈయన.

"తినల్ల సామీ. ఈ పొద్దు నువ్వు నా మాట వినల్ల," అన్నాడు చెంగప్ప, కళ్లు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి వారం దాటింది. ముప్పై మూడేళ్లు కాపురం చేసిన మనిషిని కొత్తగా చూసినట్టుంది నాకు. ఇంట్లో కూర బాగోలేదని చెప్పడానికి కూడా మొహమాటపడే ఈయన, ఆ రోజు అంతమంది తిట్టినా కదలకుండా నిలబడ్డారు. అడిగితే, "భయమేసింది సుగుణా, తాళంచెవి కిందపడతాదని జేబులోంచి చెయ్యి తియ్యలేదు," అన్నారు. ఎండాకాలంలో వెళ్లి ఉంటే మేము ఆ చప్టాను చూడకుండానే దాటేసేవాళ్లం. వాన మమ్మల్ని ఆపింది కాబట్టి పదిహేడు మంది పరిచయమయ్యారు. నిన్న హేమావతి ఫోన్ చేసి, పెళ్లి ఫొటోల్లో సగం మా బండి ముందే ఉన్నాయని చెప్పి నవ్వింది.

తుపానుల కాలంలో ట్రైలర్‌తో బయలుదేరేవాళ్లకు ఒక్క మాట: బండి నిలిపే ముందు ఆ ఊళ్లో పెద్దవాళ్లను "పోయిన తుపానులో నీళ్లు యాడిదాకా వచ్చినాయి?" అని అడగండి. వాళ్లు చెయ్యి చాచి చూపించిన చోటుకు ఇంకో నూరు అడుగులు ఎగువన నిలుపుకుంటే, రేకు మీద వాన చప్పుడు వింటూ హాయిగా నిద్రపోవచ్చు.