బావ గీయడం మరిచిన బాణం

పోయిన వారం కామారెడ్డి నుంచి ఒక లెక్చరర్ ఫోన్ చేశాడు. మా బావ మీద పుస్తకం వేస్తున్నారట. ఈ ప్రాంతంలో సిస్టమ్స్ థింకింగ్‌కు, అంటే దేన్నీ విడిగా కాక అన్నిటితో కలిపి చూసే పద్ధతికి, ఆయనే ఆద్యుడట, నన్నూ నాలుగు మాటలు రాయమన్నాడు. బతికుండగా ఆయన మాట వినడానికి నలుగురు దొరకలేదు, ఇప్పుడీ ప్రేమ ఎక్కడి నుంచి పుట్టిందని అడిగాను. రెండు పేజీలు చాలన్నాడు. సరే, రాస్తున్నాను.

బావంటే మా అక్క భర్త, కామారెడ్డిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఏది కనిపించినా సున్నా చుట్టి, ఏది దేనికి కారణమో బాణాలు గీసేవాడు. ఒకసారి పప్పు మాడితే దానికీ పెండ్లి పత్రిక వెనక బొమ్మ గీసి, తను రెండోసారి చాయ్ అడగడమే మూలకారణమని తేల్చాడు. "తెల్సింది గదా, ఇగ గిన్నె తోము" అంది అక్క.

2012 యాసంగి పంట కాలంలో, ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో, నా రెండెకరాల బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ నెలలో రెండుసార్లు కాలింది. వరి పొట్టకొచ్చింది. ఇంకోసారి కాలితే పంట దక్కదు, ఆ ఏడాదికి నాకు వేరే ఆధారమూ లేదు. బావ బస్సు దిగి వచ్చి, రైతులందరినీ పిలిచి, మట్టిలో పుల్లతో సున్నా గీశాడు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక అందరం మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆ బరువుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, కరెంటు మీద నమ్మకం ఇంకా పోతుంది.

"ఎవలో ఒక్కలు కాలవెడ్తలేరు, అందరు గల్సి కాలవెడ్తున్రు. ఆటోలు తీసెయ్యుండ్రి. ఒకల తర్వాత ఒకలు ఏసుకోండ్రి."

అందరూ తలలూపారు. నాకు ఆ తలల మీదే అనుమానం. పక్క పొలం ఆయన అంత తొందరగా ఒప్పుకున్నాడంటే తీయడనే కదా? అతను తీయనప్పుడు నేనొక్కదాన్నే తీసి పొలం ఎండబెట్టుకోవాలా? తీయలేదు. ఎనిమిదో రోజు మళ్లీ కాలింది.

బావ వచ్చాడు. అందరికంటే ముందు అరిచింది నేనే. "ఎవడు తియ్యలేదో తేల్చు బావా!"

ఆయన నేరుగా నా మోటరు దగ్గరికి నడిచి స్టార్టర్ డబ్బా తెరిచాడు.

"గిదేంది మర్దలా?"

"వీళ్లు తియ్యరని తియ్యలే."

పక్క పొలం ఆయన తల గోక్కున్నాడు. "నువ్వు తియ్యవని నేను సుత తియ్యలే అక్కా."

వరసగా డబ్బాలు తెరిచారు. ఒక్కరూ తీయలేదు. ఇక తిట్లేననుకున్నాను. బావ గట్టు మీద కూలబడ్డాడు.

"తప్పు నాదే. కరెంటు గీసిన, మోటరు గీసిన, మీ అనుమానం గియ్యలే. అన్నిట్ని తిప్పేదే అది."

అప్పటికప్పుడు అందరి ముందూ ఆటోలు ఊడదీయించి, గట్టు మీది తుమ్మచెట్టుకు వరసగా వేలాడదీయించాడు. "నమ్ముమని ఎవలన్నరు? లెక్కవెట్టుకోండ్రి." నేను రోజూ పొద్దున్నే పోయి లెక్కపెట్టేదాన్ని. నాకంటే ముందే ఇద్దరు ముగ్గురు అక్కడ లెక్కపెడుతూ కనిపించేవారు, నన్ను చూసి ఆకాశంలో మబ్బులు వెతికేవారు.

ఆ సీజన్‌లో అది మళ్లీ కాలలేదు. కాని ఆ మూడోసారి కాలిన ట్రాన్స్‌ఫార్మర్ బాగై తిరిగొచ్చేసరికే నా పొలంలో ఒక ఎకరం ఎండిపోయింది, రెండోది దక్కింది. ఎండిన ఎకరం మరుసటి ఏడే పచ్చబడింది. తప్పు నాదే అన్న బావతో, కాదు బావా, నాది అనడానికి మాత్రం నాకు ఇన్నేళ్లు పట్టింది. వినడానికి ఆయన ఆగలేదు.